బొమ్మలకు కదలిక నేర్పిన సెలవులు

వేసవి సెలవులు వచ్చాయంటే పిల్లలకు పండుగ, పెద్దలకు పరీక్ష. మా ఇంట్లోనూ అంతే. తొమ్మిదో తరగతిలోకి వెళ్ళబోయే అబ్బాయి, నాలుగో తరగతి పూర్తిచేసిన అమ్మాయి, ఇద్దరి మధ్య ఒక ఫోను. పొద్దున్న లేచింది మొదలు కార్టూన్లు, ఆ తర్వాత ఆటలు, మళ్ళీ కార్టూన్లు. అన్నం కంచం ముందు పెట్టినా కళ్ళు ఫోను మీదనే. ఒకరోజు మధ్యాహ్నం మేము విసిగిపోయి ఫోను లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశాం.

అమ్మాయి కాసేపు ఏడ్చి ఊరుకుంది. అబ్బాయి ఏడవలేదు, ఎదురు చెప్పలేదు. రెండు రోజులు మాతో మాట్లాడలేదు, అంతే. అడిగినదానికి ‘ఊ’, ‘ఊహూ’ తప్ప మరో మాట లేదు. ఒక వస్తువును పిల్లల చేతిలో నుండి తీసివేయడం తేలికే. ఖాళీ అయిన ఆ చేతిలో ఏమి పెట్టాలో మేము ఆలోచించుకోలేదు. ఆ సంగతి ఆ రెండు రోజుల్లో మాకు బాగా అర్థమయింది.

మూడో రోజున అమ్మాయి అన్నయ్య పాత లెక్కల పుస్తకం పట్టుకుని మా దగ్గరకు పరుగెత్తుకొచ్చింది. “నాన్నా, ఇది చూడు, పరుగెడుతున్నాడు!” అంటూ పుటల అంచులను బొటనవేలితో గబగబా వదిలింది. ప్రతి పుట మూలనా అబ్బాయి పెన్సిలుతో గీసిన పుల్లల మనిషి నిజంగానే పరుగెత్తాడు. పాఠాల పుస్తకం పాడుచేశావని ఆ బొమ్మల గురించే పోయిన సంవత్సరం వాడిని మందలించాం. ఇప్పుడు అవే బొమ్మలు చూసి, మేము మొదట అనవలసిన మాట ఆలస్యంగా అన్నాం. “బాగుంది బాబూ. దీన్ని కంప్యూటర్‌లో వేయడానికి వీలవుతుందేమో చూద్దామా?”

రెండు రోజుల తర్వాత వాడు మొదటిసారి మా ముఖంలోకి చూశాడు. “మీకు వచ్చా?” అన్నాడు. రాదని ఒప్పుకున్నాం. అయితే ఇద్దరం కలిసి నేర్చుకుందామన్నాం. ఆ సెలవుల్లో మేము నేర్చుకున్నది పాఠకులతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు.

కన్ను చేసే పనా, మనసు చేసే పనా?

కదలని బొమ్మలు కదులుతున్నట్లు ఎందుకు కనిపిస్తాయి? ఒక బొమ్మ తీసివేసిన తర్వాత కూడా దాని ముద్ర కంట్లో క్షణకాలం నిలిచి ఉంటుందనీ, అందువల్లనే బొమ్మలు ఒకదానితో ఒకటి కలిసిపోతాయనీ పూర్వం చెప్పేవారు. అసలు పని కంటి వెనుక ఉన్న మెదడుదని తర్వాతి పరిశోధనలు చూపాయి. రెండు చోట్ల రెండు గీతలను తగినంత వేగంగా ఒకదాని తర్వాత ఒకటి చూపితే, ఒకే గీత అక్కడి నుండి ఇక్కడికి జరిగిందని మనసు భావించుకుంటుంది. జర్మనీలో పరిశోధన చేసిన మాక్స్ వెర్ట్‌హైమర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1912లో ఈ విషయం మీద వ్యాసం ప్రచురించాడు. అంటే కదలిక కాగితం మీద ఉండదు, ఒక బొమ్మకూ తర్వాతి బొమ్మకూ ఉన్న తేడాలో ఉంటుంది. ఆ తేడా సరిగా ఉంటే మిగతాది చూసేవాని మనసే పూర్తి చేసుకుంటుంది.

ఈ కిటుకు మన తరం కనిపెట్టినది కాదు. 1832లో బెల్జియం దేశస్థుడైన జోసెఫ్ ప్లాటో ఒక గుండ్రటి అట్ట చుట్టూ వరుసగా బొమ్మలు వేసి, అంచున సన్నని చీలికలు పెట్టాడు. అట్టను అద్దం ముందు తిప్పుతూ ఆ చీలికల గుండా చూస్తే బొమ్మలు కదిలేవి. కంటి చూపు మీద అంత పని చేసిన ఆయన తర్వాతి కాలంలో తన చూపు పూర్తిగా కోల్పోయాడు. మా అబ్బాయి లెక్కల పుస్తకంలో చేసినటువంటి పుటల బొమ్మల పుస్తకానికి 1868లోనే ఇంగ్లండులో జాన్ బార్న్స్ లినెట్ అనే ఆయన పేటెంటు తీసుకున్నాడు. ఈ మాట చెబితే వాడు, “అయితే నా లెక్కల పుస్తకానికి నూట యాభై ఏళ్ళ చరిత్ర ఉందన్నమాట” అని నవ్వాడు.

ఏడు వందల బొమ్మలు, రెండు నిమిషాలు

ఫ్రాన్సులో ఎమిల్ కోల్ అనే చిత్రకారుడు 1908లో ‘ఫాంటస్మగోరి’ అనే చిన్న చిత్రం తీశాడు. చేతితో గీసిన బొమ్మలతో తయారైన తొలి చిత్రాల్లో అది ఒకటి. సుమారు ఏడు వందల బొమ్మలు గీస్తే వచ్చినది రెండు నిమిషాల లోపు చిత్రం. అమెరికాలో విన్సర్ మెకే 1914లో గెర్టీ అనే రాకాసి బల్లి బొమ్మను ఆడించినప్పుడు వేల కాగితాలు పట్టాయి. బల్లి కదిలినా కదలకపోయినా దాని వెనుక ఉన్న కొండలను, రాళ్ళను కూడా ప్రతి కాగితం మీదా మళ్ళీ గీయవలసి వచ్చేది. ఆ పని కోసం ఒక కుర్రవాడిని పక్కన కూర్చోబెట్టుకున్నారు.

ఆ ఏడాదే ఎర్ల్ హర్డ్ అనే ఆయన ఒక ఉపాయం కనిపెట్టి పేటెంటుకు దరఖాస్తు చేశాడు. కదిలే బొమ్మను పారదర్శకమైన రేకు మీద వేసి, కదలని వెనుక దృశ్యం మీద పరిస్తే చాలు, కొండను ఒక్కసారి గీస్తే సరిపోతుంది. ఈనాడు కంప్యూటర్‌లో బొమ్మలు దిద్దే సాఫ్ట్‌వేర్‌లలో ‘లేయర్లు’ అని ఒక సదుపాయం ఉంటుంది. ఒకదాని మీద ఒకటి పరచిన రేకుల వంటివే అవి. పేరు కొత్తదే గాని ఆలోచన ఆ పాత రేకులదే.

మన దేశంలో ఈ విద్యను ఒక పద్ధతిగా నేర్పడం బొంబాయిలోని ఫిలిమ్స్ డివిజన్‌లో జరిగింది. అక్కడి కార్టూన్ విభాగంలో మనవారికి శిక్షణ ఇవ్వడానికి 1956లో డిస్నీ సంస్థలో పనిచేసిన క్లెయిర్ వీక్స్ వచ్చాడు. ఆయన మన దేశంలో సేవ చేసిన మిషనరీల కుమారుడు. జాతక కథ ఆధారంగా ఆ బృందం తీసిన ‘ద బన్యన్ డీర్’ 1957లో వచ్చింది. ఆయన దగ్గర నేర్చుకున్న యువకుల్లో ఒకరైన రామ్ మోహన్ తర్వాత భారతీయ యానిమేషన్‌కు పెద్దదిక్కు అయ్యారు. 2014లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు.

కావలసిన సామాను

మేము వాడినది ‘గింప్’ అనే సాఫ్ట్‌వేర్. ఫొటోలు దిద్దడానికి ప్రపంచమంతటా వాడే దీన్ని డబ్బు చెల్లించకుండా తెచ్చుకోవచ్చు. 1995లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో స్పెన్సర్ కింబాల్, పీటర్ మాటిస్ అనే ఇద్దరు విద్యార్థులు దీన్ని మొదలుపెట్టి 1996లో అందరికీ ఇచ్చారు. అప్పటి నుండి ఎందరో స్వచ్ఛందంగా మెరుగుపరుస్తూ వస్తున్నారు. ఫొటోషాప్ ఉన్నవారు అందులోనూ, క్రిటా ఉన్నవారు అందులోనూ ఈ పని చేసుకోవచ్చు. మెనూల పేర్లు మారతాయి గాని పద్ధతి ఒకటే. ఖరీదైన కంప్యూటర్ అక్కరలేదు. మాది ఆఫీసు లెక్కల కోసం కొన్న పాత కంప్యూటర్. ఒక మౌసు, కాస్త ఓపిక ఉంటే చాలు.

తయారైన బొమ్మను ‘జిఫ్’ అనే రకం ఫైలుగా దాచుకుంటాం. 1987లో కంప్యూసర్వ్ అనే అమెరికా సంస్థలో స్టీవ్ విల్‌హైట్ నాయకత్వంలో తయారైన రకమిది. ఒకే ఫైలులో చాలా బొమ్మలు ఉంచుకుని ఒకదాని తర్వాత ఒకటి చూపగలదు. ఒక్కో బొమ్మలో 256 రంగులకు మించి ఉండవు కనుక ఫొటోలకంటే గీతల బొమ్మలకే ఇది బాగా సరిపోతుంది.

మొదటి పాఠం: గంతులు వేసే బంతి

మొదటి రోజే గుర్రాన్ని పరుగెత్తించాలని మా అబ్బాయి పట్టుబట్టాడు. గంటసేపు గీసి, నాలుగు కాళ్ళూ కలగాపులగమై విసుక్కున్నాడు. అప్పుడు బంతితో మొదలుపెట్టాం. మీరూ అలాగే చేయండి.

ముందుగా ఫైల్ మెనూలో న్యూ నొక్కి, 400 పిక్సెళ్ళ వెడల్పు, 400 పిక్సెళ్ళ ఎత్తు ఉన్న తెల్లని కాగితం తెరవండి. కింద నేల గీత గీయండి. కుడివైపున లేయర్ల పట్టికలో ఇది మొదటి లేయరుగా కనిపిస్తుంది. లేయర్ మెనూలోకి వెళ్ళి దీనికి ఏడు నకళ్ళు తీయండి. ఇప్పుడు నేల గీత ఉన్న ఎనిమిది కాగితాలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. గింప్ అన్నిటికంటే అడుగున ఉన్న లేయరును మొదటి బొమ్మగా తీసుకుని పైకి వెళుతుంది. ఇది గుర్తుపెట్టుకోకపోతే బొమ్మ వెనక్కు నడుస్తుంది. మాకు మొదట అలాగే నడిచింది.

పైన ఉన్న తెల్లని లేయరు కింది బొమ్మను కప్పేస్తుంది కదా, మరి కిందటి బంతి ఎక్కడ ఉందో తెలిసేదెలా? పట్టికలో లేయరు పక్కనున్న కన్ను గుర్తు నొక్కి పై లేయర్లను ముందు కనబడకుండా చేయండి. గీస్తున్న లేయరును మాత్రం కనబడనిచ్చి, ‘ఒపాసిటీ’ అని ఉన్నచోట 100 బదులు 60 పెట్టండి. కింది బొమ్మ మసకగా కనిపిస్తుంది. బొమ్మలు వేసేవారు దీనిని ఆనియన్ స్కిన్ అంటారు. నిజంగానే ఉల్లిపొర గుండా చూసినట్లే ఉంటుంది. గీయడం అయిపోగానే మళ్ళీ 100కు తేవడం, చివరికి కన్ను గుర్తులన్నీ తిరిగి తెరవడం మరువకండి.

ఇక బంతిని ఎక్కడెక్కడ గీయాలి? మా అబ్బాయి మొదట సమాన దూరాల్లో గీశాడు. ఆడించి చూస్తే అది బంతిలా లేదు, లిఫ్టులా దిగింది. ఎందుకలా అని వాడే ఆలోచించాడు. పై నుండి వదిలిన వస్తువు మొదట మెల్లగా, రాను రాను వేగంగా పడుతుంది. సమానమైన కాల వ్యవధుల్లో అది పడే దూరాలు 1, 3, 5, 7 నిష్పత్తిలో ఉంటాయని గెలీలియో నాలుగు వందల ఏళ్ళ క్రిందటే చూపాడు. ఆ నాలుగు అంకెలు కలిపితే 16. మన బంతి పడవలసినది 320 పిక్సెళ్ళు అనుకుంటే ఒక్కో వంతు 20 పిక్సెళ్ళు. కనుక మొదటి బొమ్మలో బంతి అన్నిటికంటే పైన ఉంటుంది. రెండవ దానిలో 20, మూడవ దానిలో 80, నాలుగవ దానిలో 180 పిక్సెళ్ళు కిందికి దిగుతుంది. అయిదవ బొమ్మలో 320 దిగి నేలను తాకుతుంది. ఆరు, ఏడు, ఎనిమిది బొమ్మల్లో వచ్చిన దారినే 180, 80, 20 దగ్గరకు ఎక్కుతుంది. తర్వాత మళ్ళీ మొదటి బొమ్మ. నేలను తాకిన ఒక్క బొమ్మలో బంతిని కాస్త నొక్కి వెడల్పు చేయండి. ఎత్తు తగ్గినంత వెడల్పు పెరగాలి, లేకపోతే బంతి చిన్నదైపోయినట్లు ఉంటుంది.

ఫిల్టర్స్ మెనూలో యానిమేషన్, అందులో ప్లేబ్యాక్ నొక్కితే బంతి గంతులు వేస్తుంది. బాగుందనిపిస్తే ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ యాజ్ నొక్కి, పేరు చివర జిఫ్ అని ఇంగ్లీషులో చేర్చండి. అప్పుడు వచ్చే పెట్టెలో ‘యాజ్ యానిమేషన్’ అన్నచోట టిక్కు పెట్టాలి. ఎప్పటికీ ఆడుతూ ఉండాలంటే ‘లూప్ ఫరెవర్’ దగ్గర కూడా టిక్కు ఉండాలి. ఒక్కో బొమ్మ ఎంతసేపు నిలవాలో అక్కడే మిల్లీసెకన్లలో చెప్పవచ్చు. 100 అని ఉంచితే సెకనుకు పది బొమ్మలు. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు ఉంటాయి. చేతితో గీసేవారు చాలాసార్లు ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములకు వాడి 12తో సరిపెడతారు. ఇంటి పనికి పది చాలు.

మన బంతి నేలకు చేరడానికి నాలుగు అడుగులు, అంటే సెకనులో పది వంతుల్లో నాలుగు వంతులు. నిజమైన బంతి అంతసేపట్లో సుమారు 78 సెంటీమీటర్లు పడుతుంది. అబ్బాయి టేపు తెచ్చి గోడ మీద 78 సెంటీమీటర్లు కొలిచి గుర్తు పెట్టి, అక్కడి నుండి టెన్నిస్ బంతిని వదిలి, కంప్యూటర్‌లోని బంతితో పోల్చి చూశాడు. రెండూ దాదాపు కలిసి పడ్డాయి. వాడి ముఖం చూడవలసింది! లెక్కల్లో ఎన్ని మార్కులు వచ్చినా ఆ వెలుగు ఎన్నడూ చూడలేదు.

మా వల్ల జరిగిన తప్పు

ఒక తప్పు కూడా చెప్పుకోవాలి. రెండవ రోజు సాయంత్రం వాడు రెండు గంటలు కూర్చుని, రంగులు వేసి, నీడ కూడా పెట్టి, బంతిని కొత్తగా తయారుచేశాడు. భోజనానికి లేవమన్నా లేవలేదు. మాకు కోపం వచ్చి, “మేము దాచిపెడతాంలే, ముందు నువ్వు లేచి తిను” అని వాడిని పంపి మేము కూర్చున్నాం. ఎక్స్‌పోర్ట్ నొక్కి, మాకు అలవాటైన జేపెగ్ రకంలో దాచి, మార్పులు దాచాలా అని కంప్యూటర్ అడిగితే ‘వద్దు’ అని నొక్కి మూసేశాం. జేపెగ్ ఫైలులో ఒక్క బొమ్మే ఉంటుంది. ఎనిమిది లేయర్లూ అణిగిపోయి, పైనున్న ఒక్క బంతి మిగిలింది.

మరునాడు తెరిచి చూసి అమ్మాయి, “మిగతా ఏడు బంతులు ఎక్కడికి పోయాయి?” అని అడిగింది. వాడు మాట్లాడలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నోటికి మొదట వచ్చిన మాట ‘బొమ్మలే కదా, మళ్ళీ వేసుకోవచ్చులే’ అని. అదృష్టవశాత్తు అనలేదు. రెండు గంటలు వాడు పడిన కష్టాన్ని మా తొందర తుడిచివేసింది. “తప్పు మాదే నాన్నా. నిన్ను అడగకుండా చేశాం” అన్నాం. పిల్లలను క్షమాపణ అడగడం మా ఇంట్లో అంత అలవాటున్న పని కాదు. వాడు కాసేపటికి ముక్కు తుడుచుకుని, “నీడ కుడివైపు పడాలి, ఎడమవైపు వేశాను. ఎలాగూ మళ్ళీ వేయాల్సిందే” అన్నాడు.

కాబట్టి పాఠకులు మా తప్పు నుండి నేర్చుకోండి. పని చేస్తున్నంతసేపూ ఫైల్ మెనూలో సేవ్ నొక్కి, గింప్ సొంత రకమైన ఎక్స్‌సీఎఫ్ ఫైలుగా దాచండి. లేయర్లన్నీ విడివిడిగా ఉండేది అందులోనే. జిఫ్ అనేది ఇతరులకు చూపడానికి మాత్రమే. ప్రతి పావుగంటకూ ఒకసారి దాచడం మంచి అలవాటు.

మౌసు లొంగకపోతే కాగితం ఉంది

మౌసుతో బంతి గీయవచ్చు గాని మనిషి ముఖం గీయడం కష్టం. సబ్బు బిళ్ళతో సంతకం పెట్టినట్లు ఉంటుంది. అందుకని కాగితం మీద పెన్సిలుతో గీసి, ఫోనుతో ఫొటో తీసి లోపలికి తెచ్చుకున్నాం. అలా బీరువాలోని ఫోను మళ్ళీ బయటకు వచ్చింది, ఈసారి పనిముట్టుగా.

కాగితాలు అటూ ఇటూ జరిగితే బొమ్మ వణుకుతుంది. అందుకు బొమ్మలు వేసేవారు కాగితాలకు రంధ్రాలు చేసి మేకుల వంటి వాటికి తగిలిస్తారు. మేము ఆఫీసు కాగితాలకు రెండు రంధ్రాలు వేసే పంచింగ్ మిషనుతో కాగితాలన్నిటికీ ఒకేచోట రంధ్రాలు వేసి, చెక్కకు కొట్టిన రెండు మేకులకు తగిలించాం. కింది బొమ్మ కనబడేలా కిటికీ అద్దానికి ఆనించి గీశాడు. ఫోనును రెండు పుస్తకాల దొంతరల మధ్య కదలకుండా పెట్టి, అన్ని కాగితాలనూ ఒకే వెలుతురులో ఫొటో తీశాం.

ఫైల్ మెనూలో ‘ఓపెన్ యాజ్ లేయర్స్’ నొక్కి ఫొటోలన్నీ ఒకేసారి ఎంచుకుంటే, ఒక్కొక్కటి ఒక్కో లేయరుగా వచ్చి కూర్చుంటుంది. వరుస సరిగా ఉన్నదీ లేనిదీ చూసుకోవాలి. ఫోను ఫొటోలు చాలా పెద్దవి కనుక ఇమేజ్ మెనూలో ‘స్కేల్ ఇమేజ్’ ద్వారా వెడల్పును 600 పిక్సెళ్ళకు తగ్గించాలి. కాగితం బూడిద రంగులో కనిపిస్తే కలర్స్ మెనూలో ‘థ్రెషోల్డ్’ ఉంది. ఒక్కో లేయరుకు విడిగా వాడితే కాగితం తెల్లగా, గీత నల్లగా తేలుతుంది.

గేటు దగ్గర నాయనమ్మ

ఇక అసలు సంగతి. బంతి అయిపోయాక ఏమి వేస్తావని అడిగితే, “నాయనమ్మ టాటా చెప్పడం” అన్నాడు. పిల్లల నాయనమ్మ మా ఊళ్ళో ఒంటరిగా ఉంటుంది. రమ్మంటే రాదు, ఇల్లూ దొడ్డీ వదలదు. మేము వెళ్ళి తిరిగి వచ్చేటప్పుడు ప్రతిసారీ గేటు దగ్గర నిలబడి, మా బండి మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతుంది. అదే వేస్తానన్నాడు.

ఆరు బొమ్మలు చాలనుకున్నాం. చెయ్యి కుడి చివర ఉన్నది ఒకటి, ఎడమ చివర ఉన్నది ఒకటి, వెళ్ళేటప్పుడు మధ్యలో రెండు, వచ్చేటప్పుడు మధ్యలో రెండు. వెళ్ళేటప్పటి బొమ్మలే వచ్చేటప్పుడూ వాడితే చెయ్యి అట్టముక్కలా ఉంటుంది. మణికట్టు ముందు తిరుగుతుంది, వేళ్ళు వెనుకబడి వస్తాయి. కాబట్టి అవి వేరుగా గీయాలి. చివరల దగ్గర చెయ్యి క్షణం ఆగుతుంది కనుక ఆ రెండు బొమ్మలు ఎక్కువసేపు నిలవాలి. లేయరు పేరు చివర బ్రాకెట్లలో 200 అని వేసి, దానికి ఆనించి ఎమ్, ఎస్ అనే రెండు ఇంగ్లీషు అక్షరాలు రాస్తే ఆ ఒక్క బొమ్మ 200 మిల్లీసెకన్లు నిలుస్తుంది.

చెయ్యి బాగానే ఊగింది. అయినా వాడికి నచ్చలేదు. “నాయనమ్మ గాలిలో తేలుతున్నట్లుంది. ఆమె అలా నిలబడదు” అన్నాడు. మూడుసార్లు గీశాడు, మూడుసార్లూ చింపాడు. ఎలా నిలబడుతుందని మమ్మల్ని అడిగాడు. మేము చెప్పలేకపోయాం. నలభై ఏళ్ళుగా చూస్తున్న మనిషి గేటు దగ్గర ఎలా నిలబడుతుందో మా ఇద్దరిలో ఎవరికీ జ్ఞాపకం రాలేదు.

ఆ వారం ఊరికి వెళ్ళాం. సాయంత్రం బయలుదేరేటప్పుడు వాడు బండి ఎక్కకుండా చిన్న పుస్తకం పట్టుకుని వాకిట్లో నిలబడి నాయనమ్మనే చూశాడు. దారిలో నెమ్మదిగా అడిగాడు. “నాన్నా, నాయనమ్మ ఎడమ చెయ్యి గేటును ఎందుకు వదలదు? మెట్టు దిగేటప్పుడు కాలితో వెతుక్కుంటుంది, ఎందుకు?”

మేము బండి ఆపాం. వాడి పుస్తకంలో గీతలు చూశాం. గేటు చువ్వను గట్టిగా పట్టుకున్న పిడికిలి, ముందుకు వాలిన భుజం, ఒక కాలి మీదనే భారం. ఎన్నిసార్లు ఆ గేటు దగ్గర నుండి బయలుదేరామో! ఊగుతున్న చెయ్యినే చూశాం గాని, గేటు పట్టుకున్న చెయ్యిని ఒక్కసారీ చూడలేదు. అక్కడి నుండే వెనక్కు తిరిగాం. ఎంత అడిగినా, “ఏమీ లేదురా, వయసు మీద పడింది, అంతే” అంది అమ్మ. మరునాడు పట్టణంలో డాక్టరుకు చూపిస్తే రెండు కళ్ళకూ శుక్లాలు వచ్చాయన్నారు. కుడి కన్ను మరీ ముదిరిందట. మోకాళ్ళు కూడా అరిగాయి. మెట్టు కనబడక, పడతానేమోనన్న భయంతో గేటు పట్టుకుని నిలబడేది. మాకు చెబితే పని మానుకుని వస్తామని చెప్పలేదు. పది రోజుల్లో కుడి కంటికి ఆపరేషను జరిగింది. చేతికర్ర పట్టుకోవడానికి మాత్రం ఇంకా సిగ్గుపడుతుంది.

అబ్బాయి ఆ బొమ్మను నాలుగోసారి గీశాడు. ఈసారి ఎడమ చెయ్యి గేటు మీద ఉంది. ఆరు బొమ్మల్లోనూ ఆ చెయ్యి కదలదు, కుడి చెయ్యి మాత్రమే ఊగుతుంది. చూడగానే అందరం ‘నాయనమ్మే!’ అన్నాం.

మొదలుపెట్టే వారికి నాలుగు మాటలు

ఒకటి, చిన్నదానితో మొదలుపెట్టండి. సెకనుకు పది చొప్పున లెక్కవేసినా ఒక్క నిమిషానికి ఆరు వందల బొమ్మలు కావాలి. పిల్లలు అలసి వదిలేస్తారు. ఎనిమిది బొమ్మలతో తిరిగి తిరిగి ఆడే బొమ్మ ఒకటి చేస్తే ఒక సాయంత్రంలో ఫలితం కనిపిస్తుంది. రెప్ప వేసే కన్ను, గాలికి కదిలే దీపం, తోక ఊపే కుక్కపిల్ల ఇందుకు మంచివి.

రెండు, గీసేముందు చూడనివ్వండి. వినోదం కోసం చూసేటప్పుడు కన్ను జారిపోతుంది, గీయడం కోసం చూసేటప్పుడు నిలబడుతుంది. విన్సర్ మెకే తన గెర్టీ ఊపిరి తీసే బొమ్మల కోసం తన ఊపిరినే గడియారం పెట్టి కొలుచుకున్నాడట. పిల్లలు గడియారం, టేపు, అద్దం వాడుకోనివ్వండి.

మూడు, పక్కన కూర్చోండి, కాని మౌసు లాక్కోకండి. బొమ్మ వంకర పోయినా అది వారిదే. పిల్లల గీతను మన చేత్తో దిద్దితే బొమ్మ బాగుపడుతుందేమో గాని, ఆ పని ఇక వారిది కాకుండా పోతుంది.

నాలుగు, సమయం ముందే అనుకోండి. ఇదీ తెర ముందు కూర్చునే పనే. మేము కంప్యూటర్ ముందు గంట, కాగితం మీద ఎంతసేపైనా సరే అని నియమం పెట్టుకున్నాం. ఫోనులో కార్టూన్లు పూర్తిగా మానివేశారని చెప్పలేం. ఇప్పుడు చూస్తూ చూస్తూ ఆపి, “ఈ కుక్క పరుగులో ఎన్ని బొమ్మలున్నాయో చూడు” అని లెక్కపెడుతున్నారు. మాకు అది చాలు.

కన్ను బాగయ్యాక నాయనమ్మ మా ఇంటికి వచ్చి నాలుగు రోజులు ఉంది. కంప్యూటర్ ముందు కుర్చీ వేసి, ఆ ఆరు బొమ్మలూ ఆడించి చూపాం. కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసింది. మేము కళ్ళు తుడుచుకుంటున్నాం. ఆమె మాత్రం మనవడి వైపు తిరిగి, “చీర అంచు సరిగ్గా వేశావు గాని, గేటుకు పచ్చరంగు వెయ్యడం మర్చిపోయావేరా?” అంది.

వాడు వెంటనే కూర్చున్నాడు. ఆరు లేయర్లకూ గేటు రంగు వేయాలి కదా!